ఆత్మీయ ఎదుగుదల మీద ప్రసంగం: కృప ఎంత చెప్పాలి, ప్రయాస ఎంత చెప్పాలి?

గాజువాక_యూత్:

అందరికీ వందనాలు. వచ్చే నెల మా సంఘంలో నాలుగు ఆదివారాలు యూత్‌కి "ఆత్మీయ ఎదుగుదల" మీద వాక్యం చెప్పాలి. ఒక్కోటి 35 నిమిషాలు. 2 పేతురు 1:5-7 తీసుకున్నాను. విశ్వాసము, సద్గుణము, జ్ఞానము, ఆశానిగ్రహము, సహనము, భక్తి, సహోదరప్రేమ, దయ. మొత్తం ఎనిమిది, వారానికి రెండు చొప్పున సరిపోతాయి.

అయితే ఈ అంశం మీద మన విశాఖలో వినబడే ప్రసంగాలు రెండు రకాలు. మొదటి రకంలో తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, గంట ప్రార్థన చేయాలి, రోజుకు మూడు అధ్యాయాలు చదవాలి, శుక్రవారం ఉపవాసం ఉండాలి. ఇవి లేకపోతే నువ్వింకా శరీరసంబంధివే, అంటే ఆత్మీయంగా ఎదగనివాడివే అంటారు. రెండో రకంలో సిలువ మీద అంతా సమాప్తమైంది, నువ్వు చేయాల్సిందేమీ లేదు, ఆయనలో విశ్రమించు అంటారు. మొదటిది విన్న పిల్లల్లో చాలామంది కొన్నాళ్లు పరుగెత్తి చతికిలబడతారు, నిలబడ్డవాళ్లు మిగతావాళ్లని చిన్నచూపు చూస్తారు. రెండోది విన్నవాళ్లు తేలికైన మనసుతో ఇంటికి వెళ్తారు గానీ ఏమీ మారదు.

ఫిలిప్పీ 2:12లో రక్షణను కొనసాగించుకోండి అని ఉంది, 13లో చేసేవాడు దేవుడే అని ఉంది. అంటే దేవుని కృప, మన ప్రయాస రెండూ సగం సగం కలపాలా? ఏది ముందు చెప్పాలి? చివర్లో పిల్లల్ని ఏం చేయమని అడగాలి? మా యూత్‌లో సగం మంది స్టీల్ ప్లాంటులోనూ చుట్టుపక్కల కంపెనీల్లోనూ కాంట్రాక్టు మీద పని చేస్తారు, ఎ, బి, సి షిఫ్టులు మారుతుంటాయి. అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

పాతనగరం_వాక్యసేవ:

బ్రదర్, ముందు సగం సగం అనే ఆలోచన పక్కన పెట్టండి. ఫిలిప్పీ 2:13 పన్నెండో వచనానికి కారణం చెబుతోంది. దేవుడు మీలో పని చేస్తున్నాడు గనుక మీరు పని చేయండి అంటున్నాడు పౌలు. ఆయన యాభై మార్కులు వేస్తే తక్కిన యాభై మనం తెచ్చుకోవాలన్న లెక్క అక్కడ లేదు. 1 కొరింథీ 15:10లో అందరికంటే ఎక్కువ ప్రయాసపడ్డానంటాడు, ఆ వెంటనే ప్రయాసపడింది నేను కాదు, నాకు తోడున్న కృపే అంటాడు. కొలొస్సయి 1:29లోనూ పోరాడేది పౌలే, పోరాడే బలం క్రీస్తుది.

మీ నోట్సులో చిక్కు ఐదో వచనంతో మొదలుపెట్టడంలో ఉంది. పేతురు 3, 4 వచనాల్లో జీవానికీ భక్తికీ కావలసినవన్నీ దేవుడు ఇచ్చేశాడని చెప్పి, ఆ హేతువు చేతనే ఇవి అమర్చుకోండి అంటాడు. అవి రెండూ వదిలేసి ఐదు నుంచి చదివితే ఎనిమిది టార్గెట్లు మిగులుతాయి. తొమ్మిదో వచనం మరీ ముఖ్యం. ఈ గుణాలు లేనివాణ్ని పేతురు సోమరి అనలేదు. తన పూర్వపాపాలకు శుద్ధి కలిగిన సంగతి మరచిపోయినవాడు అన్నాడు. రోగం మరుపు అయినప్పుడు మందు గుర్తుచేయడమే, తిడితే తగ్గదు. అందుకే 12, 13 వచనాల్లో నేను ఈ గుడారంలో ఉన్నంత కాలం మీకు జ్ఞాపకం చేస్తూనే ఉంటానంటాడు.

తయారీకి ఒక పద్ధతి. వాక్యభాగాన్ని చేత్తో కాగితం మీద రాసుకోండి. దేవుడు చేసిన ప్రతి పని కింద ఎర్ర గీత, మనల్ని చేయమన్న ప్రతి పని కింద నీలం గీత పెట్టండి. ఆ తర్వాత మీ ప్రసంగం నోట్సుకీ అలాగే గీయండి. వాక్యంలో ఎరుపు ముందుండి, మీ నోట్సులో మొదటి పేజీ నుంచే నీలం ఉంటే ఎక్కడ జారిందో కళ్లకు కనబడుతుంది. ఎఫెసీ పత్రికకి గీసి చూడండి. మొదటి మూడు అధ్యాయాల్లో ఆజ్ఞ అనదగ్గది 2:11లో జ్ఞాపకం చేసుకోమన్న మాట ఒక్కటే. నాలుగో అధ్యాయం నుంచి వరసగా ఆజ్ఞలే. రోమా పత్రికలో చదివేవాళ్లకి నేరుగా ఇచ్చిన మొదటి ఆజ్ఞ 6:11లో వస్తుంది. అది కూడా పాపం విషయంలో చచ్చినవాళ్లుగా, దేవుని విషయంలో బతికినవాళ్లుగా మిమ్మల్ని ఎంచుకోండి అని. అవయవాలను పాపానికి అప్పగించకండి అన్నది ఆ తర్వాత.

35 నిమిషాల్లో వాక్యభాగం వివరణకి 12, దేవుడు క్రీస్తులో చేసినదానికి 10, ఆజ్ఞకి 8 ఇవ్వండి. ఆఖరి 5 నిమిషాలు మళ్లీ క్రీస్తు దగ్గరికి రావాలి. ఎక్కువ ప్రసంగాలు బోల్తా పడేది ఈ ఆఖరి ఐదు నిమిషాల్లోనే. అరగంట కృప గురించి చక్కగా చెప్పి, కీబోర్డు మెల్లగా వాయిస్తుండగా "రేపట్నుంచి మారతానని తీర్మానం చేసుకునేవాళ్లు చేతులెత్తండి" అంటారు. పిల్లాడు ఇంటికి తీసుకెళ్లేది ఆ తీర్మానమే. బుధవారానికి అది తప్పితే, దేవుడికి మాట ఇచ్చి తప్పానని ఆదివారం రావడానికే జంకుతాడు. తీర్మానం అడగకుండా, తప్పినప్పుడు ఎవరి దగ్గరికి రావాలో చెప్పి ముగించండి. పాపం చేసినవాడి పక్షాన తండ్రి దగ్గర క్రీస్తు ఉన్నాడని చెప్పే 1 యోహాను 2:1 దానికి సరిగ్గా సరిపోతుంది.

మీరు చెప్పిన రెండు రకాల ప్రసంగాలూ ఒకే చోట తడబడుతున్నాయి. నీతిమంతులుగా తీర్చబడడాన్నీ పరిశుద్ధపరచబడడాన్నీ కలిపేస్తున్నాయి. ప్రొటెస్టెంట్ బోధను ప్రశ్న జవాబులుగా చెప్పే 1647 నాటి వెస్ట్‌మినిస్టర్ చిన్న ప్రశ్నోత్తరి వీటిని 33, 35 ప్రశ్నల్లో వేరుగా పెట్టింది. మొదటిది దేవుడు ఒక్కసారిగా చేసే తీర్పు, రెండోది ఆయన మనలో సాగించే పని. రెండూ ఉచిత కృపవల్లనే. ప్రార్థన తప్పితే దేవుడు నన్ను తోసేస్తాడనుకునేవాడు రెండోదాన్ని మొదటిదాంట్లోకి లాగుతున్నాడు. తీర్పు అయిపోయింది గనుక ఎదగక్కర్లేదనేవాడు మొదటిదాన్ని రెండోదాని మీద పరుస్తున్నాడు. మొదటి ఆదివారమే ఈ తేడా బోర్డు మీద రాసి చెప్పండి.

ఎంవీపీ_విశ్వాసి:

అయ్యగారు చెప్పిన క్రమంతో పేచీ లేదు. కానీ ఆజ్ఞకి 8 నిమిషాలే ఇచ్చి, అందులోనూ మెత్తగా మాట్లాడితే ప్రసంగం నేరుగా రెండో రకంలోకి జారిపోతుంది. తీతు 2:11-12లో కృప రక్షించి ఊరుకోదు. భక్తిహీనతనూ ఇహలోక దురాశలనూ విసర్జించమని నేర్పుతుంది. రోమా 8:13లో శరీర క్రియలను చంపే శక్తి ఆత్మది, కానీ చంపాల్సింది మీరే అని ఉంది.

కృప అన్న మాట చాటున మన ఇళ్లలో ఏం నడుస్తోందో చూడండి. ఆదివారం ముందు వరసలో కూర్చునే కుటుంబమే సంబంధం మాట్లాడేటప్పుడు కట్నం లెక్క తేలేదాకా లేవదు. అడిగితే "మేం అడగలేదండీ, వాళ్లే ఇష్టంగా పెట్టుకున్నారు" అంటారు. కాబట్టి యూత్‌కి ఆజ్ఞ చెప్పేటప్పుడు పేరు పెట్టి చెప్పాలి. నీ పెళ్లికి కట్నం తీసుకోకు, ఎవరి పేరు చెప్పినా సరే. పనికి వెళ్లకుండా హాజరు వేయించుకోకు. అర్ధరాత్రి దాకా ఫోనులో చూస్తున్నది ఆపు. "దేవునికి ఇష్టులుగా జీవించండి" అని వదిలేస్తే అందరూ ఆమేన్ అంటారు, ఏం చేయాలో ఎవరికీ తెలియదు. క్రియలవల్ల రక్షణ రాదని గట్టిగా చాటిన సంస్కర్త మార్టిన్ లూథరే, సంఘంలో ధర్మశాస్త్రం, అంటే బైబిలు ఆజ్ఞలు, బోధించక్కర్లేదని తన సహచరుడు అగ్రికోలా అన్నప్పుడు 1530ల చివర్లో ఎదురు నిలిచాడు.

శ్రమపడటం కృపకి విరోధం కాదనడానికి మన ఊరే చాలు. 1805లో మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకుని, క్రైస్తవుడిగా మారిన ఆనందరాయర్ సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మూడు సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి, ఆ పుస్తకం వాళ్లు చూడనే లేదు. పరలోకం కొనుక్కోవడానికి పడిన శ్రమ కాదది, ముందే దొరికిందన్న సంతోషంతో పడిన శ్రమ.

ఇక షిఫ్టుల సంగతి. సి షిఫ్టులో ఉన్న కుర్రాడు తెల్లవారుజామున నాలుగింటికి మెషీన్ ముందు ఉంటాడు. బి షిఫ్టు రాత్రి పదికి దిగితే ఇల్లు చేరి తిని పడుకునేసరికి అర్ధరాత్రి. వీళ్లకి గడియారం టైము ఇవ్వకండి. డ్యూటీకి బయల్దేరే ముందు 15 నిమిషాలు అని చెప్పండి, ఏ షిఫ్టుకైనా నడుస్తుంది. బైబిలు మొత్తం 1,189 అధ్యాయాలు. ఏడాదిలో అవ్వాలంటే రోజుకు మూడు దాటాలి. మామూలుగా ఇది మూడో పుస్తకం లేవీయకాండం దగ్గరే ఆగిపోతుంది. దానికి కారణం పుస్తకం కష్టమని మాత్రమే కాదు. తప్పిన రోజువి మర్నాటికి బాకీ వేసుకుంటారు. బాకీ పన్నెండు అధ్యాయాలకు చేరాక బైబిలు తెరవడమే భయమవుతుంది. మీ నాలుగు వారాలకి మార్కు సువార్త పెట్టండి. 16 అధ్యాయాలు, వారానికి నాలుగు. తప్పిన రోజు తప్పినట్టే, మర్నాడు ఆ రోజుది మాత్రమే చదవమనండి.

గాజువాక_యూత్:

ఇద్దరికీ వందనాలు, మూడో వచనం నుంచే మొదలుపెడతాను. ఇంకో రెండు విషయాలు. మా దగ్గర హాజరు పట్టీ, వాక్యపఠన చార్టు గోడ మీద ఉంటాయి, నెలాఖరున బహుమతి ఇస్తారు. ఎదుగుదల కొలవడానికి అవి పనికొస్తాయా? రెండోది సాక్ష్యాలు, అంటే దేవుడు తమకేం చేశాడో సంఘం ముందు చెప్పడం. "21 రోజులు ఉపవాసం ఉన్నాను, దేవుడు ఉద్యోగం ఇచ్చాడు, ఆయనకే మహిమ" అని ఎవరైనా చెబితే, నేను చెప్పిన వాక్యమంతా ఆ రెండు నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోతుంది. ఏం చేయాలి?

జాలరిపేట_సండేస్కూల్:

తమ్ముడూ, చార్టు గోడ మీంచి తీసేసి ఎవరి నోటుబుక్కులో వాళ్లని రాసుకోమను. మత్తయి 6లో ప్రార్థన, ఉపవాసం వద్దనలేదు ప్రభువు, మనుషులకు కనబడాలని చేయొద్దన్నాడు. హాజరు కూడా పనికొచ్చే కొలత కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. మరబోట్లు హార్బర్‌లోనే ఉంటాయి కాబట్టి మగవాళ్లంతా గుడికి వస్తారు. నిషేధం ఎత్తేశాక రోజుల తరబడి సముద్రం మీదే ఉంటారు. హాజరు పట్టీని నమ్మితే ఏటా జూన్‌లో వాళ్లందరూ విశ్వాసంలో పడిపోయారని రాసుకోవాలి.

కొరింథు సంఘానికి ఏ కృపావరంలోనూ, అంటే దేవుడిచ్చే ఆత్మీయ వరాల్లో, లోటు లేదని 1 కొరింథీ 1:7లో రాసిన పౌలే, 3:1-3లో వాళ్లని పసిబిడ్డలన్నాడు. చూపించిన కారణం అసూయ, కలహం. కాబట్టి చూడాల్సింది అక్కడ. తప్పు దిద్దితే ఎలా తీసుకుంటున్నాడు? తనకంటే బాగా పాడే పిల్లాడొస్తే మైకు ఇస్తున్నాడా? ఇంట్లో అమ్మతో మాటతీరు మారిందా? వీటన్నిటికంటే తెలిసిపోయేది, పాపంలో పడ్డాక ఏం చేస్తున్నాడన్నది. మూడు వారాలు గుడి మానేసి, కాస్త బాగుపడ్డాననిపించాక వచ్చేవాడు, తన నడత బాగుంటేనే దేవుడు రానిస్తాడని లోపల నమ్ముతున్నాడు. పడిన రోజే వచ్చి ప్రార్థన చేయండక్కా అని అడిగేవాడు ఎదుగుతున్నాడు, వాడి చార్టులో ఎన్ని గళ్లు ఖాళీగా ఉన్నా సరే.

సాక్ష్యాల సంగతికొస్తే, లూకా 18లో తన మతనిష్ఠను చూసుకుని మురిసే పరిసయ్యుడు కూడా "దేవా, నీకు కృతజ్ఞతలు" అనే మొదలుపెట్టాడు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనంతటిలో పదోవంతు అంటూ తన లెక్క చెప్పాడు. ఆయనకే మహిమ అని చివర్లో తగిలించినంత మాత్రాన సాక్ష్యం కృప గురించినది అయిపోదు. సాక్ష్యం చెప్పేవాళ్లని ముందురోజే కలిసి మాట్లాడండి. మూడు నిమిషాలు ఇవ్వండి. ఎన్ని రోజులు, ఎన్ని గంటలు అన్నది వదిలేసి, ఆ సమయంలో ప్రభువు ఏం చూపించాడో చెప్పమనండి. ఉద్యోగం ఇంకా రానివాళ్లతో కూడా ఒకరితో చెప్పించండి. ఉపవాసం ఉండి కూడా ఖాళీగా ఉన్న పిల్లలు అదే బెంచీలో కూర్చుని ఉంటారు, "నా ఉపవాసంలో ఏం లోపముందో" అనుకుంటూ.

పాతనగరం_వాక్యసేవ:

సిస్టర్ గారు చెప్పింది అక్షరాలా పాటించండి. ఎంవీపీ బ్రదర్ అన్నట్టు ఆజ్ఞకి మరో రెండు నిమిషాలు వివరణలోంచి తీసి ఇవ్వండి, కానీ ఒక ఆదివారానికి ఒక్క ఆజ్ఞే.

నాలుగు వారాలు ఇలా పెట్టుకోవచ్చు. మొదటి వారం 2 పేతురు 1:3-4, తొమ్మిదో వచనంతో కలిపి. రెండో వారం 5-7, ఎనిమిదీ ఒకే ప్రసంగంలో. రెండేసి చొప్పున విడదీస్తే ఒకదాంట్లోంచి ఒకటి పెరుగుతున్న సంగతి పోతుంది. ఉదాహరణకి ఆశానిగ్రహం ఒక్కటి తీసుకుని లోతుగా చెప్పండి. మూడో వారం రోమా 6:11-13, కట్నం, ఫోను, పనిలో దొంగ హాజరు లాంటివి పేర్లతో సహా ఇక్కడ. నాలుగో వారం 1 యోహాను 1:8 నుంచి 2:2 వరకు, పడిపోయినవాడి గురించి. మీ దగ్గర ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) మొదటి ఆదివారమైతే, వరస ఒక వారం ఆలస్యంగా మొదలుపెట్టి ఈ నాలుగోది బల్ల రోజుకి వచ్చేలా చూడండి.

ఆ నాలుగో వారం కొత్త ఆజ్ఞ ఇవ్వకండి. ప్రసంగం 20 నిమిషాలకి కుదించి, మిగిలిన 15 నిమిషాలు ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఒకరికోసం ఒకరిని ప్రార్థన చేయమనండి. మీటింగ్ సాయంత్రమైతే సి షిఫ్టుకి వెళ్లేవాళ్లని ముందు జతచేయండి, వాళ్లు తొమ్మిదికల్లా బయల్దేరాలి.