ఎడారి కాలిబాటలో నీళ్ల సీసాలు నిలవ ఉంచడం సబబేనా?

బరువుసంచి (ప్రశ్న వేసినవారు)

కాలిఫోర్నియాలో పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అనే సుదూర కాలిబాట మీద, సిజర్స్ క్రాసింగ్ నుంచి బ్యారెల్ స్ప్రింగ్స్ ఊట దాకా దాదాపు 38 కిలోమీటర్ల మేర దారి సాన్ ఫెలిపే కొండల మీదుగా సాగుతుంది, అంత దూరంలోనూ నమ్ముకోదగిన ఊట గానీ వాగు గానీ లేదు. సుమారు 22వ కిలోమీటరు దగ్గర ఒక గేటు పక్కన స్వచ్ఛందంగా కొందరు గ్యాలన్ (దాదాపు 3.8 లీటర్లు) సీసాలలో నీళ్లు ఉంచుతుంటారు. ఏప్రిల్ నెలాఖరున నేను, మా బావమరిది, దారిలో పరిచయమైన ఒక జర్మన్ యువతి తెల్లవారుజామున 4 గంటలకు ఈ భాగం మొదలుపెట్టాము. ఆమె 6 లీటర్లు, నేను 5 లీటర్లు మోశాము. మధ్యలో ఎలాగూ నీళ్లు ఉంటాయన్న ధీమాతో బావమరిది 3 లీటర్లే తీసుకున్నాడు.

పదకొండున్నరకు గేటు చేరాము. ఖాళీ సీసాలన్నీ ఒకే తాడుకు గుచ్చి ఉన్నాయి, గాలి వీచినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి డొల్లగా మోగుతున్నాయి. అయినా బావమరిది ఒక్కొక్క సీసానూ వంచి చూశాడు. ఒక బండ నీడలో సాయంత్రం నాలుగింటి దాకా కూర్చున్నాము, అక్కడే ఆ అమ్మాయి ఎవరూ అడగకుండానే అందరి నీళ్లూ ఒకచోట చేర్చి తన కాఫీ గిన్నెతో కొలిచి మూడు భాగాలు చేసింది. రాత్రి పదింటికి ఊట దగ్గరికి చేరాము.

ఇప్పుడు బావమరిది వచ్చే వసంతంలో అక్కడ తానే 20 గ్యాలన్లు పెడతానంటున్నాడు, నేను వద్దంటున్నాను. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

మిట్టమధ్యాహ్నం

మీ బావమరిది గారి ఆలోచనే సరైనదని నా అభిప్రాయం. మన ఊళ్లలో ఎండలు ముదిరితే కూడలిలో తాటాకు పందిరి వేసి, తడిగుడ్డ చుట్టిన కుండలతో చలివేంద్రం పెట్టేవారిని ‘మీవల్ల జనం ఇంటినుంచి నీళ్లు తెచ్చుకోవడం మానేస్తున్నారు’ అని ఎవరైనా తప్పుపడతారా? దాహం వేసినవాడికి నీళ్లివ్వడానికి ఇంత తర్కం అక్కరలేదు.

జొన్నచేను

చలివేంద్రంతో పోల్చారు కాబట్టే ఆ పోలిక ఎక్కడ నిలవదో చెప్పాలనిపించింది. చలివేంద్రంలో కుండల పక్కన ఒక మనిషి కూర్చొని ఉంటారు, కుండ అడుగంటితే నింపుతారు, నీళ్లు అయిపోతే ఆ మాట మొహం మీదే చెబుతారు, పైగా నాలుగడుగులు వేస్తే ఇంకొక గుమ్మం ఉంటుంది. ఆ గేటు దగ్గర సీసాలు తప్ప మనుషులు ఉండరు. నిన్న ఎంతమంది నింపుకొని వెళ్లారో ఈరోజు బయలుదేరేవారికి తెలిసే దారి లేదు, ఇక ఈ దారి మొదలయ్యే మెక్సికో సరిహద్దులోని క్యాంపో నుంచి ఉత్తరానికి రోజుకు 50 మందికి అనుమతి ఇస్తారు కాబట్టి వారిలో సగం మంది తలా రెండు లీటర్లు తీసుకున్నా 20 గ్యాలన్లు రెండో రోజు మధ్యాహ్నానికి ఆవిరైపోతాయి. మబ్బులో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకున్నట్టు అన్నది ఇక్కడ సామెత కాదు, అక్షరాలా జరుగుతున్న పని. దారి బాగోగులు చూసే పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అసోసియేషన్ కూడా ఇటువంటి నిల్వలను నమ్ముకోవద్దనే చెబుతుంది.

ప్లాస్టిక్ చెత్త సంగతి ఎలాగూ ఉంది. నాకు అంతకంటే అభ్యంతరమైనది మరొకటి. లీటరు నీళ్లంటే కిలో బరువు. మీ బావమరిది గారు ఉదయం దించుకున్న ఆ రెండు మూడు కిలోలనూ 22 కిలోమీటర్ల దూరం మీరిద్దరూ మీకు తెలియకుండానే ఆయన తరఫున మోశారు. ఆ అమ్మాయి గిన్నెతో కొలిచి పోసినది తాను ఎండలో మోసుకొచ్చిన బరువునే. కఠినంగా అన్నందుకు మన్నించగలరు, కానీ ఆమె ఒంటరిగా ముందుకు వెళ్లిపోయి ఉంటే ఈ చర్చ వేరే విధంగా ఉండేది.

అర్ధరాత్రి నడక

జొన్నచేను గారు అన్నది సాన్ ఫెలిపే వరకు ఒప్పుకుంటాను. కానీ ఇదే దారిలో ఇంకా ఉత్తరాన వాకర్ పాస్ అనే కనుమకు ముందు, ఎండాకాలంలో 60 కిలోమీటర్లు దాటినా నమ్మదగిన నీరు లేని భాగం ఒకటి ఉంది. అక్కడ నిల్వలు లేకపోతే 8 లీటర్లు మోయాలి. నా బరువు 48 కిలోలు. గుడారం, తిండి కలుపుకొంటే నాకు అది అసాధ్యం. ‘మోయగలిగినవారే నడవాలి’ అనడం చాలా సులభం.

నీళ్లు దగ్గరలో ఉన్నంత మాత్రాన అందవని మాత్రం నాకూ తెలుసు. మొహావీ ఎడారిలో 1913లో ప్రారంభమైన లాస్ ఏంజలెస్ కాలువ వెంట, ఎండకు భయపడి మేము నలుగురం రాత్రిపూట నడిచాము. ఆ నీళ్లు కాంక్రీటు కప్పు కింద, సరిగ్గా మా కాళ్ల కింద పారుతున్నాయి, మేమేమో సీసాలో మిగిలిన గుక్కలు లెక్కపెట్టుకుంటున్నాము. అందుకే నా నియమం ఏమిటంటే, నిల్వ ఉందన్న నమ్మకంతో ఆ భాగంలోకి అడుగుపెట్టాలంటే, అవి ఖాళీ అయితే వెనక్కి తిరిగి రావడానికి సరిపడా నీళ్లు నా దగ్గరే ఉండాలి, తోటివారి సంచిలో కాదు.

బరువుసంచి

అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలన్నీ బావమరిదికి చదివి వినిపించాను. జొన్నచేను గారి మాటకు కాసేపు ఏమీ అనలేదు, తరువాత మాత్రం ‘ఆ రోజు సీసాలు నిండుగా ఉండి ఉంటే నువ్వు ఈ ప్రశ్న వేసేవాడివా, బావా?’ అని అడిగాడు. వేసేవాణ్ణి కాదు, నేను కూడా ఒక లీటరు నింపుకొని నడిచేవాణ్ణే. అయినప్పటికీ 20 గ్యాలన్లకు మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు.