ఎల్4-ఎల్5 డిస్క్‌కి స్టెమ్ సెల్స్: మోడిక్ మార్పులున్నా పనిచేస్తాయా?

మాది కావలి. మా అన్నయ్యకి 44 ఏళ్ళు, రెండేళ్ళుగా నడుము నొప్పి. కాల్లోకి లాగడం, తిమ్మిరి లేవు. నెల్లూరు బస్సులో 20 నిమిషాలు కూర్చుంటే చాలు, ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడాల్సిందే, నిలబడితే తగ్గుతుంది. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 డిస్క్ (నడుములో 4, 5 వెన్నుపూసల మధ్య ఉండేది) ఫిర్‌మాన్ గ్రేడ్ 4 (డిస్క్ అరుగుదలని 1 నుంచి 5 దాకా కొలిచే లెక్క), పక్కన మోడిక్ టైప్ 1 మార్పులు (డిస్క్‌ని ఆనుకున్న ఎముకలో వాపు లాంటివి).

నాలుగు నెలలు ఫిజియోథెరపీ, రెండు నెలలు డులోక్సెటిన్ 30 ఎంజీ (దీర్ఘకాలిక నొప్పికి వాడే మందు) అయ్యాయి, గుణం లేదు. వెన్నులో నరాల చుట్టూ ఇచ్చే ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజక్షన్ మూడు వారాలే పనిచేసింది.

ఇప్పుడు ఒక క్లినిక్ వాళ్ళు స్టెమ్ సెల్స్ కోసం తుంటి ఎముక నుంచి 60 మి.లీ. మజ్జ తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, డిస్క్‌లోకి 2 మి.లీ. ఎక్కిస్తామంటున్నారు. సీటీఆర్ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు అడిగితే ఇవ్వలేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి క్లినికల్ ట్రయల్‌లోనే చెయ్యాలి, కాబట్టి అక్కడికి వెళ్ళం. నా అసలు భయం వేరే. డిస్క్‌కి నేరుగా రక్తం అందదు, పోషణ ఎక్కువగా ఎండ్‌ప్లేట్ల (డిస్క్‌కీ ఎముకకీ మధ్య ఉండే పలుచని పొరల) గుండానే రావాలి. మోడిక్ మార్పులతో అవే దెబ్బతింటే వేసిన కణాలు ఏం తిని బతుకుతాయి? సూది వల్ల డిస్క్‌లో ఇన్ఫెక్షన్ ప్రమాదం ఎలాగూ ఉంది.

మోడిక్ టైప్ 1 ఉండి, రిజిస్టరైన ట్రయల్‌లో మజ్జ కణాలు వేయించుకున్నవాళ్ళు గానీ, వేసిన డాక్టర్లు గానీ ఉంటే, ఏడాది తర్వాత కూర్చోగలిగే సమయం ఎన్ని నిమిషాలు పెరిగిందో చెప్తారా?