విహార చెరువు కలుజు మీది పలకలను అక్టోబరు లోపు తీసివేయాలా?

కట్ట కింది ఇల్లు:
మా చెరువు నెల్లూరు జిల్లాలో, కావలికి పడమటి వైపు పల్లెల్లో ఉంది. కట్ట పొడవు అర కిలోమీటరుకు లోపే, ఎత్తు తూము (పొలాలకు నీరు వదిలే దారి) దగ్గర 18 అడుగులు. కొన్నేళ్ల కిందట కట్ట మీద నడకదారి పరిచి, బెంచీలు వేసి, నీడ కోసం చెట్లు నాటి, తొక్కుడు పడవలు దింపారు. వేసవిలో పడవలు బురదలో దిగబడకుండా నీటిమట్టం నిలవాలని, కలుజు (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) గోడ మీద ఇనుప చట్రాలు బిగించి అడుగున్నర ఎత్తున చెక్క పలకలు నిలిపారు. అప్పటి నుంచి వాటిని ఒక్కసారి కూడా తీయలేదు.

జులై చివరి నుంచి తూముకు కుడి పక్కన, కట్ట బయటి వాలు అడుగున నేల చెమ్మగిల్లుతోంది. మొదట గడ్డి పచ్చబడింది, తరువాత కాలు పెడితే దిగబడసాగింది, ఇప్పుడు చిటికెన వేలంత ధార కనిపిస్తోంది. మొన్న సాయంత్రం ఆ నీటిని గాజు సీసాలో పట్టి కిటికీలో ఉంచాను. తెల్లవారేసరికి పైనంతా తేటపడి, అడుగున గోరు మందాన ఎర్రమట్టి పేరుకుంది. సంబంధిత కార్యాలయంలో అర్జీ ఇస్తే, చిన్న చెరువుకు ఇంత హడావిడి దేనికని తిప్పి పంపారు. మా ఇల్లు కట్టకు రెండు వందల గజాల దూరంలోనే ఉంది. ఈశాన్య రుతుపవనాలు రాకముందే పలకలు తీసి నీటిని తగ్గించాలని నా వాదన. కాదనేవారు ఎందుకు కాదో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సాయంత్రపు నడక:
మీ భయాన్ని తక్కువ చేయడం లేదు గానీ, నీటిని వదిలేయడం తేలిక, తిరిగి తెచ్చుకోవడం కష్టం. ఆ చెరువు నిండుగా ఉన్నప్పటి నుంచే మా వీధి బోర్లలో ఏప్రిల్‌లోనూ నీరు అందుతోంది. పడవలు నడిపేవారు, మొక్కజొన్న కండెలు కాల్చేవారు, బజ్జీల బండ్లవారు కలిసి పదిహేను కుటుంబాలు ఆ కట్ట మీద బతుకుతున్నాయి. ప్రకాశం జిల్లా మల్లవరం వద్ద గుండ్లకమ్మ జలాశయం గేటు 2022 ఆగస్టు 31న దెబ్బతిన్నప్పుడు నీళ్లన్నీ సముద్రం పాలవుతుంటే రైతులు ఎంత క్షోభ పడ్డారో మనం చూశాం. అటువంటి నష్టాన్ని మన చేతులతో మనమే కొని తెచ్చుకోవాలా? పైగా 2021 నవంబరులో, పడుగుపాడు వద్ద రైలు కట్ట సైతం కోసుకుపోయిన వానల్లో, మన చెరువు కట్ట చెక్కుచెదరలేదు.

విశ్రాంత నీటిపారుదల ఉద్యోగి:
ముందుగా చివరి మాటకు జవాబు. 2021లో ఆ కలుజు మీద పలకలు లేవు. ఆనాటి కట్ట నిలిచింది కాబట్టి ఈనాటిదీ నిలుస్తుందనడం సరికాదు, ఎందుకంటే ఈనాటి కట్ట అడుగున్నర ఎక్కువ నీటిని ఏడాది పొడుగునా మోస్తోంది.

ఇక పలకల లెక్క. కలుజు మీదుగా పొర్లే నీటి మందం మూడు అడుగులైనప్పుడు గరిష్ఠ వరద సాగిపోయేటట్లు, ఆపైన మరో రెండు అడుగుల కట్ట మిగిలేటట్లు ఒక చెరువును కట్టారనుకుందాం. అడుగున్నర పలకలు నిలిపితే, అదే గరిష్ఠ మట్టం వద్ద పొర్లే మందం అడుగున్నరకు తగ్గిపోతుంది. మందం సగమైతే పోయే నీరు కూడా సగమే అవుతుందని చాలామంది అనుకుంటారు. కలుజు మీది ప్రవాహం ఆ మందానికి ఒకటిన్నర ఘాతంలో మారుతుంది కాబట్టి, నిజానికి పోయేది పాత ప్రవాహంలో నూటికి 35 వంతులే. మిగిలిన నీరు కట్ట అంచుకు ఎక్కుతుంది. మట్టికట్టకు ఇంతకు మించిన శత్రువు లేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట ఇలా నీరు పైనుంచి పొర్లడం వల్లనే కొట్టుకుపోయింది. వరద వచ్చాక తీద్దాంలే అనేవారికి ఒక మాట. నానిన చెక్క ఉబ్బి చట్రంలో బిగుసుకుంటుంది, వెనుక నీటి ఒత్తిడి ఉంటుంది, కలుజు గోడ పాచి పట్టి జారుతుంది. అర్ధరాత్రి వానలో ఆ పని చేయమని చెరువు తూము, కలుజు చూసుకునే ఏ లస్కరునూ పంపకూడదు.

ఊట విషయంలో మీరు సీసాలో పట్టి చూడడం చాలా మంచి పని. మట్టికట్ట ఎంతో కొంత చెమర్చడం సహజం, తేటనీరు స్థిరంగా వస్తుంటే కొలుచుకుంటూ కనిపెట్టి ఉండవచ్చు. మట్టితో కలిసి వస్తోందంటే కట్ట లోపల కణం కణం కదిలి దారి ఏర్పడుతోందని అర్థం, దాన్నే మనవాళ్లు బుంగ అంటారు. చచ్చిన చెట్ల వేర్లు, ఎండ్రకాయల బొరియలు, తూము గోడకూ మట్టికీ మధ్య సందు దానికి దారులు. మీ ఊట తూము పక్కనే ఉండడం నాకు ఆందోళన కలిగిస్తోంది. ఊరివారు తొందరపడి ఆ ధార నోటికి బంకమట్టి బస్తాలు కొట్టకుండా చూడండి. బయటి వైపు నీటిని బిగిస్తే అది మరోచోట, ఇంకా పైన పొడుచుకు వస్తుంది. ధార మీద ముందు శుభ్రమైన ఇసుక, దానిపై సన్నకంకర, దానిపై పెద్దరాయి వరుసగా పరిస్తే, నీరు బయటకు వస్తుంది, మట్టి లోపలే ఆగుతుంది.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను చెబుతూ, కట్ట నుంచి నీరు కారడాన్ని వాటిలో ఒకటిగా చేర్చింది. ఇది కొత్తగా పుట్టిన భయం కాదు.

ఆయకట్టు రైతు:
కలుజు మీద పలకలు పెట్టింది మా కోసం కాదు, మమ్మల్ని అడిగి పెట్టిందీ కాదు. మా నారుమళ్లకు కావలసిన నీరు పాత మట్టంలోనే సరిపోయేది. పలకలు తీయడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ కలుజు నీరు పోయే వాగు సంగతి కూడా మాట్లాడండి. ఇరవై బారల వెడల్పు ఉండిన వాగును ప్లాట్లు వేసినవారు సిమెంటు కాలువగా కుదించారు, మిగిలినదాంట్లో చిల్లచెట్లు అల్లుకుపోయాయి. కట్ట కింది ఇంటివారూ, మీ వీధి కూడా ఆ వాగు పోరంబోకును ఆనుకునే ఉందన్న సంగతి మరవకండి. మా పొలాలు మునిగినప్పుడు ఎవరూ ఇంత చర్చ చేయలేదు.

కట్ట కింది ఇల్లు:
అన్నగారూ, మీ మాటలో న్యాయం ఉంది. మేము స్థలం కొన్నప్పుడు వాగు ఎక్కడని అడగలేదు. అర్జీలో వాగు పూడిక, ఆక్రమణల తొలగింపు కూడా రాస్తాను, మా వీధి కొలతలతో సహా.

సాయంత్రపు నడక:
2021 ప్రస్తావనలో నేను పొరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. అయినా ఒక సందేహం మిగిలింది. ఆనకట్టల భద్రతకు కేంద్రం 2021లో ప్రత్యేక చట్టమే తెచ్చింది కదా, నిజంగా ప్రమాదమే ఉంటే ఆ చట్టం కింద తనిఖీలు జరిగేవి కావా? అలాగే, చెరువును పూర్తిగా ఖాళీ చేస్తామంటే మాత్రం నేను అంగీకరించను.

విశ్రాంత నీటిపారుదల ఉద్యోగి:
ఆ చట్టం 15 మీటర్లకు మించిన ఆనకట్టలకు, 10 నుంచి 15 మీటర్ల ఎత్తుండి కట్ట పొడవు, నిల్వ వంటి విషయాల్లో నిర్ణీత షరతులకు లోబడినవాటికి వర్తిస్తుంది. 18 అడుగులంటే అయిదున్నర మీటర్లు. మన చెరువు దాని పరిధిలోకి రాదు కాబట్టే తనిఖీ లేదు. అంతమాత్రాన ప్రమాదం లేదనుకోరాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కెల్లీ బార్న్స్ అనే మట్టికట్ట ఉండేది. విద్యుదుత్పత్తి ఆగిపోయాక ఆ చెరువు విహారానికే మిగిలింది. 1977 నవంబరు 6 తెల్లవారుజామున, వానల తరువాత ఆ కట్ట తెగి దిగువన నిద్రపోతున్న 39 మంది చనిపోయారు. దాని ఎత్తు కూడా దాదాపు 40 అడుగులే. ఎత్తు కన్నా, కట్ట కింద ఎవరు పడుకుంటున్నారన్నది ముందు చూడాలని నేను సర్వీసులో ఉన్నంతకాలం చెబుతూ వచ్చాను.

ఖాళీ చేయవద్దన్న మాటతో నేను ఏకీభవిస్తాను. ఒక్కసారిగా నీరు దించితే లోపలి వాలులోని మట్టి నీటిని వదులుకోలేక, తన బరువుకు తానే జారిపోతుంది. ముందు పలకలు తీయాలి, తరువాత తూము ద్వారా రోజుకు అడుగుకు మించకుండా, కలుజు గోడకు మూడు అడుగుల దిగువకు తేవాలి. ఊట వద్ద ఇసుక, కంకర పరిచే పని వెంటనే మొదలుపెట్టవచ్చు. ఆ మట్టంలో పడవలు చెరువు నడుమ తిరుగుతాయి, ఒడ్డున ఎక్కే మెట్లు మాత్రం మార్చుకోవాలి. తూము పక్క మట్టి తవ్వి గట్టిపరిచే పని వేసవిలోనే సాధ్యం.

సాయంత్రపు నడక:
మూడు అడుగులైతే నాకు సమ్మతమే. పడవలవారితో నేను మాట్లాడతాను. మెట్ల ఖర్చుకు నడక మిత్రుల దగ్గర చందా పోగుచేయగలను.

కట్ట కింది ఇల్లు:
ఈ రోజు ఉదయం మళ్లీ సీసా నింపాను. మట్టి మొన్నటికంటే తక్కువ లేదు, ధార కొంచెం పెరిగింది. సోమవారం పది గంటలకు కలెక్టరేటులో అర్జీల స్వీకరణ ఉంది. రెండు సీసాలూ, వాగు కొలతలూ వెంట తీసుకువెళ్తున్నాను. రైతు అన్నగారు పాత వాగు వెడల్పుకు సాక్ష్యంగా ఊరి పటం నకలు తెస్తామన్నారు. తూము తలుపు తిప్పడం తెలిసినవారు ఊళ్లో ఇంకా ఎవరున్నారో ఎవరైనా చెప్పగలరా? పాత లస్కరు పోయాక ఆ తాళం ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియడం లేదు.