కాలనీలో సూపర్‌మార్కెట్ మిషన్ల మోత, కంప్లైంట్ ఇవ్వడం తప్పా?

మూడో ఫ్లోర్:
హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పక్క బిల్డింగ్‌లో సూపర్‌మార్కెట్ పెట్టారు, ఫ్రీజర్ల తాలూకు ఔట్‌డోర్ యూనిట్లన్నీ మా బెడ్‌రూమ్‌ల వైపే టెర్రస్ మీద వరసగా బిగించారు, రాత్రంతా గుయ్‌మని ఒకటే మోత, కరెంటు పోతే జనరేటర్ కూడా. మేనేజర్ని అడిగితే పర్మిషన్లున్నాయి అంటాడు. కంప్లైంట్ ఇద్దామంటే మా అసోసియేషన్ వాళ్ళే గొడవెందుకులే అంటున్నారు. మీరేమంటారు?

చిన్న షాపు:
సిటీలో ఉంటూ చప్పుడే ఉండకూడదంటే ఎలా అండీ. ఫ్రీజర్లు రాత్రి ఆపితే పాలు, ఐస్‌క్రీములు పొద్దున్నకి పారబొయ్యాల్సిందే. నేనూ షాపు నడుపుతున్నా, ఒక్క కంప్లైంట్ పడిందంటే ఆఫీసుల చుట్టూ తిరగడమే సరిపోతుంది. కిటికీలు వేసుకోండి.

ఏసీ మెకానిక్:
షాపు గారూ, ఆపమని ఎవరూ అనలేదు, మిషన్ ఎక్కడ పెట్టారు, ఎలా బిగించారు అన్నదే ఇక్కడ గొడవ. నేను చేసేది ఈ పనే కాబట్టి చెప్తున్నా, యూనిట్ని డైరెక్టుగా స్లాబ్‌కి బోల్టులేసి బిగిస్తే అదురు స్లాబ్‌లోకి దిగి పిల్లర్లు, గోడల్లోంచి పాకుతుంది. ఆ బిల్డింగ్‌లో ఉన్నవాళ్ళకి కిటికీ మూసినా లాభం ఉండదు. పక్క బిల్డింగ్‌కి గాల్లోంచి వచ్చే మోతే ఎక్కువ, అందులోనూ ఆ బొంగురు మోత కిటికీ అద్దానికి పెద్దగా ఆగదు. కింద స్ప్రింగ్ మౌంట్లో మంచి రబ్బరు ప్యాడ్లో వెయ్యాలి, ఫ్యాన్ మొహం రోడ్డు వైపు తిప్పాలి, బేరింగ్ అరిగితే మార్చాలి. జనరేటర్‌కైతే కానోపీ, అంటే మోత తగ్గించే మూత పెట్టె, ఉండి తీరాలి.

ఇంక రూల్ సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే ఏరియాలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45. దానికి 10 డెసిబెల్స్ గానీ ఆ పైన గానీ దాటితే ఎవరైనా కంప్లైంట్ ఇవ్వొచ్చు, అది మన హక్కు, ఎవరి పొట్టా కొట్టినట్టు కాదు. వరసగా నిద్ర లేకపోతే పిల్లలు, ముసలివాళ్ళు ఏమైపోతారో కూడా చూడాలి కదా.

చిన్న షాపు:
మెయిన్ రోడ్డు బిట్టు కమర్షియల్ కింద ఉంటే రాత్రి 55 దాకా ఓకే కదా మరి? పైగా చప్పుడు కొలిచే మీటర్ పెడితే తక్కువే చూపిస్తుంది చూడండి.

ఏసీ మెకానిక్:
కమర్షియలా కాదా అన్నది మేనేజర్ నోటి మాటతో తేలదు, కాగితం చూపించమనండి. మీటర్ మాట మాత్రం నిజమే. రూల్‌లో లెక్కేసే పద్ధతిలో కీచుమనే చప్పుడుకి విలువెక్కువ, ఇలా గుయ్‌మనే బొంగురు మోతకి తక్కువ, అందుకే అంకె చిన్నగా వచ్చినా మనిషికి నిద్ర పట్టదు. మూడో ఫ్లోర్ గారూ, ఫోన్ యాప్ రీడింగ్ ఎవరూ ఒప్పుకోరు, పొల్యూషన్ బోర్డుకి రాతపూర్వకంగా ఇచ్చి రాత్రి పూటే, మీ బెడ్‌రూమ్ కిటికీ దగ్గరే, మిషన్ నడిచేటప్పుడు ఒకసారి ఆగినప్పుడు ఒకసారి కొలవమని అడగండి. పగలొచ్చి ట్రాఫిక్‌లో కొలిస్తే ఏమీ తేలదు.

చిన్న షాపు:
సరే, ఆ ప్యాడ్ల ఖర్చు ఎవరిది? టెర్రస్ బిల్డింగ్ ఓనర్‌ది, షాపువాడు అద్దెకున్నాడు.

మూడో ఫ్లోర్:
మిషన్ ఎవరిదో వాళ్ళదే అండీ. వాళ్ళూ వాళ్ళూ తేల్చుకునేదాకా మేం మేలుకుని కూర్చోవాలా? రేపే లెటర్ ఇస్తున్నా, అసోసియేషన్ సంతకం పెట్టకపోయినా సరే.