బెలూన్ పెట్టినాక మళ్లా ఎక్మో ఎందుకంటాండారు?

గుత్తి పిల్లోడు:
రాత్రి నుంచి ఐసీయూ బయటే కూచోనుండా. మా నాయనకు గుండెపోటు. షాక్‌లోకి పోయినాడు, అంటే గుండె ఒంటికి చాలినంత రక్తం తోయలేకపోతాందంట, ఎక్మో అనే మిషన్ పెట్టల్ల అంటాండారు. ఇప్పటికే ఒక మిషన్ పెట్టినారు, మళ్లా ఇంకోటి ఎందుకు? ఎక్మో ఊపిరితిత్తులకు కదా, బాలు గారికి కోవిడ్‌లో పెట్టిండేది అదే కదా? సంతకం పెట్టమంటారే గానీ విడమరిచి చెప్పేవాళ్లు లేరు.

బురుజు కింద:
ఏ మిషన్? స్టెంట్ వేసినారా? వయసెంత? ఇవి రాయకుండా అడిగితే ఎట్ల?

గండికోట:
మన సీమలో ఇదే పెద్ద రోగం తమ్ముడూ. ఎదలో నొప్పొస్తే గ్యాస్ అని సోడా తాగి పండుకుంటారు. ఎంత తొందరగా బ్లాక్ తీస్తే గుండె కండ అంత మిగుల్తాది. చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగితే వెంటనే ఈసీజీ తీయించల్ల. మా వీధిలో ఎంత చెప్పినా వినరు.

బురుజు కింద:
అన్నా, ఆ పిల్లోడు అడిగింది అది కాదు.

కర్నూలు సిస్టర్:
కార్డియాక్ ఐసీయూలోనే నా పని. ముందు పెట్టింది బెలూన్ పంపే అయ్యుంటాది. తొడలోంచి బృహద్ధమనిలోకి పోయి, గుండె కొట్టుకునేదాన్ని బట్టి ఉబ్బి తగ్గుతుంటాది. గుండె సొంతంగా కొంతైనా కొడితేనే దానికి పని, అది ఇచ్చే సాయం తక్కువ. ఎక్మోలో రెండు రకాలు. వీవీ ఊపిరితిత్తులకే. మీ నాయనకు చెప్పేది వీఏ. పెద్ద సిరలోంచి రక్తం తీసి, ఆక్సిజన్ ఎక్కించి, ధమనిలోకి తోస్తాది, నిమిషానికి 3, 4 లీటర్లు. గుండెను నయం చెయ్యదు, అది కోలుకునేదాకా కిడ్నీలకు, మెదడుకు రక్తం ఆగకుండా చూస్తాది.

చిత్రావతి:
సగమే చెప్పినారు సిస్టర్. 2023లో 420 మంది మీద చేసిన ఈసీఎల్ఎస్-షాక్ ట్రయల్‌లో, ముందే ఎక్మో పెట్టినా 30 రోజుల్లో చావులు తగ్గలేదు. రక్తస్రావం, కాళ్ల సమస్యలు పెరిగినాయి. 2012లో 600 మంది మీద చూస్తే బెలూన్‌తోనూ చావులు తగ్గలేదు. 2024లో డేంజర్ షాక్ అనే ట్రయల్‌లో మేలు చూపింది ఇంపెల్లా, గుండె లోపలికే పెట్టే సన్న పంపు. 180 రోజులకు చావులు 58.5 నుంచి 45.8 శాతానికి దిగినాయి.

కర్నూలు సిస్టర్:
ఆ డేంజర్ షాక్ ట్రయల్‌లో గుండె ఆగి స్పృహ రానోళ్లను తీసుకోలేదు. ఇంపెల్లా అన్ని ఊర్లలో దొరకదు కూడా. ఎక్మో రక్తాన్ని గుండెకు ఎదురు తోస్తాది, ఎడమ జఠరిక మీద బరువు పడతాది, నిజమే. ఆ బరువు ఎట్ల దించుతారని డాక్టర్‌ను అడగల్ల. సగటు లెక్క చూసి ఈ మనిషికి వద్దనలేం.

గుత్తి పిల్లోడు:
58 ఏండ్లు. స్టెంట్ వేసినారు. మిషన్ బెలూనే. బెంగళూరుకు తీస్కపొమ్మంటాండారు. లోపలికి పోయి చూసొచ్చినా, గొట్టం పెట్టిన కాలు సల్లగుండాది, పాదం తెల్లగైంది. దుప్పటి కప్పినా.

కర్నూలు సిస్టర్:
దుప్పటి కాదు నాయనా! ఇప్పుడే లేసి డ్యూటీ డాక్టర్‌కు చెప్పు. పాదంలో నాడి ఉందో లేదో డాప్లర్‌తో చూడమను. కాలికి రక్తం ఆగితే గంటల్లోనే కాలు పోతాది. ఎక్మో పెడితే కిందికి రక్తం పోయే సన్న గొట్టం కూడా వేస్తారా అని అడుగు.

బురుజు కింద:
బెంగళూరు 200 కిలోమీటర్లు దాటుతాది. ఎక్మో టీమే వచ్చి, ఇక్కడే పెట్టి తీస్కపోతారేమో కనుక్కో.

గుత్తి పిల్లోడు:
చెప్పినా. డాక్టర్ వచ్చి చూస్తాండాడు. థ్యాంక్స్ అక్కా.

గండికోట:
నొప్పి ఎప్పుడు మొదలైంది తమ్ముడూ?