రిపీటర్ మీద ఊరికే పీటీటీ నొక్కితే అంత తప్పా? తిట్లు పడ్డాయి

కొత్త_వీయూ3:
అందరికీ నమస్తే. పోయిన నెలే హ్యామ్ రేడియో లైసెన్స్, కాల్‌సైన్ (రేడియోలో మన పేరు లాంటి గుర్తు) వచ్చాయి, మొదటి మెట్టైన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్, ఉండేది కూకట్‌పల్లి. ఒక బావోఫెంగ్ చేతి సెట్ కొని, మన మాట అందుకుని దూరానికి తిరిగి పంపే రిపీటర్ ఫ్రీక్వెన్సీ, అది మన సెట్‌కి పలకడానికి కావాల్సిన టోన్ అన్నీ తెలిసిన సీనియర్‌ని అడిగి పెట్టుకున్నా. పని చేస్తుందో లేదో చూద్దామని బాల్కనీలో నిలబడి పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కి వదిలితే అటు నుంచి 'ఖష్' అని వినపడింది, భలే అనిపించి ఇంకో నాలుగైదు సార్లు నొక్కా. అంతే, ఒకాయన "ఎవరయ్యా అది, కాల్‌సైన్ లేదా నీకు" అని గట్టిగా అందుకున్నాడు. భయమేసి ఆఫ్ చేసేశా, మూడు రోజులైంది సెట్ ముట్టుకోలేదు. పరీక్షకి ఓమ్స్ లా, క్యూ కోడ్‌లు (క్యూతో మొదలయ్యే మూడక్షరాల పొట్టి మాటలు) బట్టీ పట్టాం గానీ రిపీటర్ మీద ఎలా మెలగాలో ఎవరూ చెప్పలేదు. తెలుగులో మాట్లాడొచ్చా లేదా అన్నది కూడా చెప్పండి ప్లీజ్.

అంటెన్నా_బాబాయ్:
తిట్టడం తప్పే బాబూ. నువ్వు చేసింది కూడా తప్పే. దాన్ని కెర్‌చంకింగ్ అంటారు. నీకు అది ఒక ఖష్, కానీ ఆ టైంలో రిపీటర్ వింటున్న ప్రతి ఇంట్లో సెట్ ఒకసారి అరిచి ఊరుకుంటుంది, ఎవరో పిలుస్తున్నారేమో అని వాళ్ళు చేతిలో పని ఆపి చూస్తారు. టెస్ట్ చేసుకో, ఎవరూ కాదనరు, కాకపోతే నీ కాల్‌సైన్ చెప్పి "టెస్టింగ్" అను. మొదట్లో, చివర్లో కాల్‌సైన్ చెప్పాలి, మాటలు సాగితే మధ్యలో పది నిమిషాలకోసారి చెప్పాలి, ఇది వట్టి మర్యాద కాదు, లైసెన్స్ రూలే.

అసలు సంగతి గ్యాప్. టూ మీటర్ల బ్యాండ్ రిపీటర్ తను పంపే ఫ్రీక్వెన్సీకి 600 కిలోహెర్ట్జ్ కింద వింటూ, విన్నది అదే క్షణంలో పైన పంపేస్తుంది, దానికి ఉన్నది ఒక్క చెవి, ఇద్దరు ఒకేసారి నొక్కితే కీచుమని గోల తప్ప ఎవరి మాటా అర్థం కాదు. అందుకని అవతలాయన వదిలాక బీప్ వచ్చేదాకా ఆగు, బీప్ లేకపోతే మనసులో ఒకటి రెండు అనుకుని అప్పుడు నొక్కు. ఒకసారి అనంతగిరి కొండల్లో మావాడు జారిపడి మడమ విరగ్గొట్టుకున్నాడు, ఫోన్ సిగ్నల్ లేదు, నా హ్యాండీ సెట్‌లో బ్యాటరీ చివరి గీత మీద ఉంది. రిపీటర్ మీద ఇద్దరు పెద్దమనుషులు హలీం ఎక్కడ బాగుంటుందని ఒకరి మాట మీద ఒకరు ఎక్కేస్తూ మాట్లాడుకుంటున్నారు, నాకు మధ్యలో దూరి "బ్రేక్" (అర్జెంటు, నన్ను మాట్లాడనివ్వండి) అనడానికి సందే దొరకలేదు. చివరికి టైమర్ పుణ్యమా అని రిపీటరే వాళ్ళని కట్ చేసింది, అది మళ్ళీ లేచిన వెంటనే నేను దూరా. అప్పట్నుంచి హలీం పేరెత్తితే నాకు మడమే గుర్తొస్తుంది.

విశాఖ_వైఎల్:
బాబాయ్ గారు చెప్పింది నిజం. నేను 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇంటర్ చదువుతున్నా, కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఊరంతా చెట్లు పడిపోయి ఉన్నాయి, అప్పుడు హ్యామ్స్ పని చేయడం చూసే లైసెన్స్ తీసుకున్నా. ఎమర్జెన్సీ నెట్ (అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా మాట్లాడటం) నడుస్తుంటే, దాన్ని నడిపే నెట్ కంట్రోల్ పిలిచేదాకా నోరు విప్పకు, ఇది బాగా గుర్తుపెట్టుకో. సాయం చేద్దామన్న ఉత్సాహంతో "నేనున్నా నేనున్నా" అని దూరేవాళ్ళ వల్లే సగం క్యూఆర్‌ఎమ్, అంటే వేరే సెట్ల వల్ల వచ్చే అడ్డు గోల. 2004 డిసెంబర్‌లో మన హ్యామ్ భారతి ప్రసాద్ గారు అండమాన్ వెళ్ళింది డీఎక్స్‌పెడిషన్‌కి (అరుదైన చోటికి వెళ్ళి వీలైనన్ని దూరపు స్టేషన్లతో మాట్లాడటం), 26న సునామీ వచ్చేసరికి కాంటాక్టుల లెక్క పక్కన పెట్టేసి పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు అందించారు. సరదా ట్రాఫిక్ ఎప్పుడైనా అలా పక్కకి జరగాల్సిందే.

డైపోల్_రాజు:
అన్నీ బానే ఉన్నాయి గానీ ఒక మాట అంటే కోపం తెచ్చుకోకండి. మా ఊళ్ళో రిపీటర్ అంటే నలుగురు సీనియర్ల వరండా అయిపోయింది. పొద్దున్నే గుడ్ మార్నింగ్, బీపీ ట్యాబ్లెట్, మోకాళ్ళ నొప్పి, గంటసేపు. కొత్తోడు రెండుసార్లు నొక్కితే మాత్రం రూల్స్ గుర్తొస్తాయి. ఇలాంటి తిట్లు తినే మా బ్యాచ్‌లో ముగ్గురు విసిగి సెట్లు అమ్మేశారు.

తెలుగు గురించి అడిగావు కదా తమ్ముడూ, హాయిగా మాట్లాడు, వేరేవాళ్ళకి అర్థం కాని రహస్య కోడ్ భాష మాత్రం కుదరదు. వ్యాపారం అసలు కూడదు, మా దగ్గర ఒకాయన టూ బీహెచ్‌కే అద్దెకుందని రిపీటర్ మీదే చెప్పేశాడు, అలాంటివి వద్దు. పాటలు పెట్టకు. లైసెన్స్ లేని ఫ్రెండ్‌కి ఆ సెట్ ఇవ్వకు, వాళ్ళకి కావాలంటే లైసెన్స్ అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ సెట్లు వేరే ఉన్నాయి. ఇంకోటి, పక్క వీధిలో ఉన్నవాడితో మాట్లాడటానికి రిపీటర్ ఎందుకు, సింప్లెక్స్‌కి (రిపీటర్ లేకుండా సెట్ నుంచి సెట్‌కి నేరుగా) వెళ్ళిపోండి, రిపీటర్ ఖాళీగా ఉంటుంది.

అంటెన్నా_బాబాయ్:
రాజూ, ఆ మోకాళ్ళ నొప్పి బ్యాచ్‌లో నేనూ ఉన్నా, కోపం లేదులే. రేపట్నుంచి తగ్గిస్తాం. కానీ గంటసేపు మాట్లాడినా గ్యాప్ ఇస్తాం, అది ఒప్పుకో.

కొత్త_వీయూ3:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి హ్యామ్‌ల నెట్‌లో మొదటిసారి చెకిన్ అయ్యా (హాజరు చెప్పా). ఒకటి రెండు అనుకుని, చేతులు వణుకుతూ కాల్‌సైన్ చెప్పా. చూస్తే నెట్ కంట్రోల్ ఆ రోజు తిట్టినాయనే! గొంతు గుర్తుపట్టా. ఆయన మాత్రం నన్ను ఓఎమ్ (హ్యామ్‌ల భాషలో ఓల్డ్ మ్యాన్, మిత్రమా అని) అంటూ "వెల్‌కమ్ ఓఎమ్, 5-9 వస్తున్నావు, స్పష్టంగా గట్టిగా, కాకపోతే వెనకాల మీ కుక్కర్ కూడా 5-9 వస్తోంది, కాస్త ఆ తలుపు వేసుకో" అన్నారు.