అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులకు ప్రొజెక్టర్ అంటే బెరుకు పోయేదెలా?

ప్రశ్న:
మా తరగతి గదులకు ప్రొజెక్టర్లు, లాప్‌టాప్‌లు వచ్చి ఏడాది దాటింది. రెండు రోజుల శిక్షణ కూడా జరిగింది. అయినా ఎన్నో ఏళ్లుగా చక్కగా పాఠం చెబుతున్న సహోపాధ్యాయులు కొందరు వాటి జోలికే వెళ్లడం లేదు. వారికి నేర్పే బాధ్యత నాకు అప్పగించారు. నాకన్నా పెద్దవారిని చిన్నబుచ్చకుండా ఈ పని ఎలా చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం 1:
వారి భయం యంత్రాన్ని చూసి కాదండీ, పిల్లల ఎదుట తడబడతామేమోనని. నేను మొదటిసారి కేబుల్ తగిలించగానే తెర మీద 'నో సిగ్నల్' అని వచ్చింది. తప్పు లాప్‌టాప్‌దో ప్రొజెక్టర్‌దో తెలియక పది నిమిషాలు చెమటలు కక్కాను. వెనక బెంచీల్లో నవ్వులు. ఆపై ఆరు నెలలు దాన్ని ముట్టుకోలేదు. తీరా చూస్తే, కేబుల్ పెట్టిన పోర్టునే ప్రొజెక్టర్‌లో ఇన్‌పుట్‌గా ఎంచుకుని, లాప్‌టాప్‌లో విండోస్ మీటతో పాటు 'పి' నొక్కి 'డూప్లికేట్' పెడితే సరిపోయేది. అందుకే బడి వదిలాక ఖాళీ గదిలో, మర్నాడు చెప్పబోయే పాఠంతోనే సాధన చేయించండి. మౌస్ మాత్రం వారి చేతిలోనే ఉండాలి. "ఇలా ఇవ్వండి, నేను చేస్తాను" అన్నారంటే నేర్చుకోవడం అక్కడితో ఆగిపోతుంది.

సమాధానం 2:
కొత్త సాంకేతికతను మనుషులు ఎందుకు స్వీకరిస్తారో వివరిస్తూ 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు రెండు కారణాలు చెప్పారు: అది తమ పనికి ఉపయోగపడుతుందన్న నమ్మకం, వాడటం తేలికన్న నమ్మకం. శిక్షణలన్నీ రెండోదాని చుట్టూనే తిరుగుతాయి. మీ గణితం మాస్టారికి మీటల గురించి చెప్పే ముందు, జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం శీర్షాన్ని పట్టుకుని లాగి చూపించండి. కోణాలు మూడూ మారిపోతున్నా మొత్తం 180 డిగ్రీల దగ్గరే నిలవడం, ఒక్కో త్రిభుజాన్నీ విడిగా గీయాల్సిన నల్లబల్ల మీద అంత సులువుగా చూపలేనిది. భిన్నాలకు సుద్దముక్కే మేలని ఆయన అంటే వాదించకండి, బహుశా ఆయన మాటే నిజం.

సమాధానం 3:
యంత్రం మూడు నిమిషాల్లో దారికి రాకపోతే వదిలేసి నల్లబల్ల వైపు తిరగవచ్చని ముందే చెప్పి ఉంచండి. ఆ వెసులుబాటు ఉందని తెలిస్తేనే కొందరు ధైర్యం చేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మా శిక్షణలో రెండు రోజులూ స్లైడ్లు చూపారే తప్ప ఎవరిచేతా ఒక్క మీట నొక్కించలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. జ్యామితిలో నేను మొదటినుంచీ వెనకే కనుక, సోమవారం సాయంత్రం ఆ త్రిభుజాన్ని నాకు వివరించమని మాస్టారినే అడుగుతాను.